కాలమ్ గేరుకు కొత్త రాడ్లు బిగించే ముందు

నాయనా,

అనంతపురంలో షెడ్డు బాడుగకు తీసుకొని మార్క్ 3 అంబాసిడర్ మొత్తం నువ్వే విప్పి బిగించినావని, ఇంజన్ కూడా పలికిందని మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు. స్టీరింగ్ పక్కన గేరుండే బండిని తోలేవాళ్లే తక్కువైపోయిన కాలంలో నువ్వు దాన్ని నిలబెడుతున్నావు. మనసు నిండింది. కానీ స్టీరింగ్ పక్క లివర్‌ను కింది గేర్‌బాక్స్‌కు కలిపే రాడ్ల గురించి ‘గేరు రాడ్లేముంది, ఒక పూట పని’ అన్నావంట. దాన్ని కదిరి, రాయచోటి మీదుగా కడపకు తెస్తానని కూడా అన్నావంట. అంటే గువ్వలచెరువు ఘాటు దిగాల. అందుకే ఈ జాబు.

ముందు క్లచ్ చూడు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వెయ్యి. అప్పుడూ గరగరమంటే తప్పు క్లచ్‌ది. దాన్ని రాడ్లతో సరిచేయలేవు. బండి కదులుతుండగా మొదటి గేరు అరిస్తే మాత్రం కంగారు పడొద్దు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ నాలుగు గేర్ల పెట్టెలో మొదటి గేరుకు సింక్రో, అంటే పళ్లు కలవకముందే వాటి వేగాలు సమం చేసే ఏర్పాటు, లేదు.

గేర్‌బాక్స్, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూడు. స్టీరింగ్ కాలమ్ బాడీకి బిగించి ఉంటుంది, గేర్‌బాక్స్ రబ్బర్ల మీద ఊగుతుంది. రబ్బరు కుంగితే రెండింటి మధ్య దూరమే మారిపోతుంది, నువ్వు పెట్టిన కొలతంతా వృథా. అందుకని రబ్బర్లు, కాలమ్ కింది క్లాంపు బిగించినాకే రాడ్ల జోలికి పో.

ఇన్నేళ్లలో ఎంతమంది మేస్త్రీలు దాంట్లో చెయ్యి పెట్టినారో, ఏ రాడ్డు ఏ బండిదో తెలీదు. విప్పకముందే అన్ని పక్కల నుంచి ఫోటోలు తీసుకో. ప్రతి రాడ్డునూ ఒక కన్ను (కొసన పిన్ను దూరే రంధ్రం) మధ్య నుంచి ఇంకో కన్ను మధ్య దాకా కొలిచి రాసుకో. నట్లకు అంగుళాల స్పానర్లే వాడు. మిల్లీమీటర్ల స్పానర్ వేస్తే మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి.

కన్నులో పిన్ను చుట్టూ ఉండే బుష్షులన్నీ కొత్తవి వెయ్యి. పిన్ను వేలితో నెడితే లోపలికి పోవాల, పోయినాక ఆడకూడదు. కన్ను కోడిగుడ్డు ఆకారంలో అరిగుంటే లేత్ దగ్గర పెద్దది చేయించి ఇత్తడి బుష్ దిగ్గొట్టించు. ఒక్కో కీలు అర మిల్లీమీటరు ఆడిందనుకో, అయిదు కీళ్లకు రెండున్నర మిల్లీమీటర్లు. చేతిలో లివర్ పొడుగు కాబట్టి పైన అది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. చాలామంది దీన్ని చూసి రాడ్డు పొడుగు తప్పనుకుంటారు.

ఇంక అసలు సంగతి. షెడ్లలో ఏండ్ల తరబడి చేస్తున్న తప్పు ఇది. మూడో గేరు సరిగ్గా పడటం లేదనుకో. మేస్త్రీ కిందికి దూరి, రాడ్డు పొడుగు మారకుండా పట్టుకునే చెక్ నట్ వదులు చేసి, రాడ్డును రెండు చుట్లు తిప్పుతాడు. మూడోది పడుతుంది. లెక్క ప్రకారం నాలుగోది అంతే తగ్గుతుంది, ఎందుకంటే అదే రాడ్డు ఒక పక్క తోస్తే మూడు, ఇంకో పక్క లాగితే నాలుగు. రెండో గేరుకూ ఒకటో గేరుకూ అదే లెక్క. తగ్గిన గేరు పడనట్టు అనిపించదు, అదే ప్రమాదం. పళ్లు కొసల్లోనే పట్టుకుంటాయి, గేరును కదలకుండా పట్టే స్ప్రింగ్ గుండు లోపల గుంతలో కూర్చోదు. ఎగువకు పోతున్నప్పుడు ఇంజన్ చక్రాలను తోస్తుంది కాబట్టి పళ్లు అదుముకొని ఉంటాయి. దిగువకు యాక్సిలరేటర్ వదిలినావా, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, ఒత్తిడి రెండో పక్కకు మారుతుంది. కొసన పట్టుకున్న గేరు జారి న్యూట్రల్ అవుతుంది. ఇంజన్ పట్టు పోయింది, బరువంతా బ్రేకుల మీద. మలుపు తర్వాత మలుపు వచ్చే ఘాటులో బ్రేకు డ్రమ్ములు కాగితే పెడల్ మెత్తబడుతుంది. అప్పుడు మళ్లా గేరు వేద్దామన్నా పడదప్పా!

ఆ దావలో టాక్సీలు తోలిన పాత డ్రైవర్లు ఎడమ చేత్తో లివర్ అదిమి పట్టుకొని ఘాటు దిగేవాళ్లు. చూసేవాళ్లకు అదొక దర్జా. నిజానికి గేరు జారకుండా పట్టుకోవడం, పైగా ఆ అదుముడుకు లోపల గేరును జరిపే ఫోర్కు అరుగుతుంది. నువ్వు ఆ అలవాటు నేర్చుకోవద్దు. మీ జేజికి ఈ మాటలేమీ చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు.

సరైన పద్ధతి ఇది. రాడ్లు ఊడదీసి, గేర్‌బాక్స్ పక్కన రాడ్డు తగిలించే ఇనుప చేతిని నీ చేత్తోనే కదుపు. ప్రతి గేరుకు టక్కుమని కూర్చుంటుంది. న్యూట్రల్ దగ్గర సుద్దతో గీత గీయి. పైన లివర్‌ను న్యూట్రల్‌లో ఎవరినైనా పట్టుకోమని, రాడ్డు పొడుగు తిప్పుతూ పిన్ను బలవంతం లేకుండా దూరేదాకా సరిచెయ్యి. ఒకటి-రెండు వరస నుంచి మూడు-నాలుగు వరసకు మార్చే రాడ్డు, నీ దాంట్లో కేబుల్ వేసి ఉంటే అది, అట్లే సరిచెయ్యి. అది తప్పితే రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు లివర్ మధ్యలో ఇరుక్కుంటుంది.

తర్వాత పరీక్ష. ఇంజన్ ఆపి గేరు వెయ్యి. లివర్‌ను అట్లే ఉంచి కింద పిన్ను తీసి, గేర్‌బాక్స్ చేతిని అదే దిక్కుకు ఇంకా నెట్టి చూడు. కదిలి టక్కుమందంటే నీ రాడ్డు గేరును సగంలోనే వదిలేసింది. నాలుగు గేర్లకూ, రివర్స్‌కూ విడివిడిగా చెయ్యి. పైన లివర్ ఏ గేరులోనూ డ్యాష్‌బోర్డుకో కాలమ్‌కో తగలకూడదు, గేరు కూర్చున్నాక కొంచెం ఖాళీ మిగలాల.

చెక్ నట్ బిగించేటప్పుడు రాడ్డును ఇంకో స్పానర్‌తో పట్టుకో, లేదంటే కీలు మెలి తిరిగి పట్టేస్తుంది. కన్ను లోపలికి మర దాని లావుకు ఒకటిన్నర రెట్లైనా ఎక్కి ఉండాల. స్ప్లిట్ పిన్నులు కొత్తవే. కట్టు తీగ వేసినావని తెలిస్తే అనంతపురానికి వచ్చి మరీ తిడతా. గ్రీజు పలచగా పూయి, మన దుమ్ములో మందంగా పూస్తే అది రాపిడి పిండి అవుతుంది.

షెడ్డులో కడప బండల నేల అని విన్నా. నున్నటి బండ మీద జాకీ జారుతుంది, కింద మట్టి గుల్లగా ఉంటే బండే పగులుతుంది. కింద మందపాటి చెక్క వెయ్యి, స్టాండ్లు పెట్టకుండా తల బండి కిందికి పెట్టొద్దు. ఒక్కడివే ఉన్నప్పుడు అసలు దూరొద్దు నాయనా.

ఊరి బయట చదును రోడ్డు మీద నూరు కిలోమీటర్లు తిరిగి, నట్లు మళ్లీ చూసి, చిన్న దిగువలో మూడో గేరులో యాక్సిలరేటర్ వదిలి లివర్ కదులుతుందేమో గమనించు. కదిలితే గువ్వలచెరువు దావ వద్దు, తాడిపత్రి మీదుగా రా. రివర్స్ పడక సతాయిస్తే ఫోటో తీసి పంపు, రాడ్డును మాత్రం సుత్తితో వంచొద్దు.

మీ పెదనాయన