చలికాలంల చెరువు గాలం: పొద్దుగాల ఆరింటికి కాదు, పదకొండింటికి

ప్రశ్న: హన్మకొండ పక్క చెరువుల వానాకాలం రవ్వ చేపలు బాగ పడ్డయి. డిసెంబర్ వచ్చినంక పొద్దుగాల 6 గంటల నుంచి కూసున్నా బెండు కదలట్లేదు. మైదా ఉండ మార్చాల్నా? ట్రౌట్ చేపలకు వాడే, కొక్కేనికి ఈకలు చుట్టి చేసే ఈగ బొమ్మలు మనకు పనికొస్తయా?

అన్నా, తప్పు మైదాది ఒక్కదానిదే కాదు. ముందు వేళ మార్చండి, తర్వాత లోతు, ఆ తర్వాత ఎర సైజు. ఎర రకం ఆఖరుకు చూసుకోవచ్చు.

చేప ఒంటి వేడి నీళ్లను బట్టే ఉంటది. రవ్వ, బొచ్చె 25 నుంచి 30 డిగ్రీల నీళ్లల్ల కడుపునిండ తింటయి. 20 కిందికి దిగితే అరుగుదల మందగిస్తది, తిండి తగ్గుతది. మన దిక్కు డిసెంబర్, జనవరి రాత్రులల్ల గాలి 15 డిగ్రీల దరిదాపుల ఉంటది, ఒక్కోసారి ఇంకా పడిపోతది. చెరువు మొత్తం అంత చల్లబడదు గానీ, ఒడ్డుకున్న రెండడుగుల నీళ్లు తెల్లారేసరికి బాగ చల్లబడతయి. ఆరింటికి మీ గాలం పడేది సరిగ్గ ఆ నీళ్లల్లనే. 11 నుంచి 4 దాక కూసోండి. అక్వేరియం థర్మామీటర్‌ను దారానికి కట్టి ఒడ్డు దగ్గర ఒకసారి, ఆరడుగుల లోతుల ఒకసారి, రెండేసి నిమిషాలు ఉంచి చూడండి. పైకి తీసిన వెంటనే చదవాలె, ఆలస్యమైతే గాలి వేడి చూపిస్తది. ఏది వెచ్చగ ఉంటే గాలం అక్కడ.

మధ్యాహ్నం అయ్యేసరికి కట్ట లోపలి దిక్కు పేర్చిన రాళ్లు ఎండకు కాగి పక్క నీళ్లను వెచ్చబెడతయి. అక్కడ మూడు నుంచి ఐదడుగుల లోతు మంచిది. పొద్దుగాలనే పోక తప్పదంటే నీళ్లు పలుచగ ఉండే శిఖం దిక్కు పోకండి, కట్ట వెంట లోతు చూసుకోండి.

లోతు కొలిచే పని చానామంది వదిలేస్తరు, సగం రోజులు ఖాళీగ పోయేది అందుకే. కొక్కేనికి బరువైన సీసం గుండు తగిలించి వేయండి. బెండు మునిగితే పైకి జరపాలె, అడ్డంగ పడుకుంటే కిందికి జరపాలె, నిలబడి కొస తేలితే అదే లోతు. ఇప్పుడు గుండు తీసి, రవ్వ కోసం బెండును ఒక అడుగు కిందికి జరపండి, ఎర చెరువు నేలకు అంత ఎత్తుల ఉంటది. బంగారుతీగకు, మోసుకు ఎర అడుగున ఆనాలె. వాటిల బంగారుతీగ చలికి బాగ ఓర్చుకుంటది, రవ్వ పడని రోజు దాన్నే నమ్ముకోవచ్చు. యాసంగి నాట్లకు తూము తీసినంక చెరువు రోజురోజుకు దిగుతది, కాబట్టి నిన్నటి కొలత ఇయ్యాల పనికిరాదు.

వానాకాలం వాడిన 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం తీసి 0.22 లేదా 0.25 కట్టండి. కొక్కెం 6 నంబర్ బదులు 10 లేదా 12. నంబర్ పెరిగితే కొక్కెం చిన్నదైతదని మర్చిపోవద్దు. బెండు పెన్సిల్ అంత సన్నగ ఉండాలె, జీలుగ బెండు చెక్కుకుంటే చాలు. బియ్యపు గింజంత కొస మాత్రమే పైకి కనబడేటట్టు సీసం గింజలు సరిచూడండి. చలిల చేప ఎరను గుంజుకపోదు, నోట్లె పెట్టుకొని ఆగుతది. బెండు కొద్దిగ వంగినా, సగం పైకి లేచి పడుకున్నా అది కాటే. లేచిందంటే అడుగునున్న ఎరతో పాటు సీసం బరువును కూడ చేప ఎత్తిందని లెక్క. మునిగేదాక చూస్తే ఉమ్మేస్తది. మణికట్టు తిప్పి మెల్లగ ఎత్తండి, గట్టిగ గుంజితే సన్నదారం తెగుతది.

మైదా ఉండ చల్లటి నీళ్లల్ల గట్టిపడి కొక్కెం మొనను కప్పేస్తది, అందుకే కాటు దొరికినా గుచ్చుకోదు. గోధుమపిండి 100 గ్రాములు, పుట్నాల పొడి 50, దంచిన పల్లి చెక్క 30, సోంపు పొడి అర చెంచా కలపండి. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగ పోస్తూ చెవి తమ్మె అంత మెత్తగ పిసికి, 20 నిమిషాలు తడిబట్ట కప్పి ఉంచండి. శనగ గింజంత ఉండ చాలు. నూనె కలపకండి, చల్లటి నీళ్లల్ల వాసన సరిగ పారదు. దీనికన్నా అంగుళం ఎర్ర (వానపాము) ముక్క ఇంకా మేలు. పెంటకుప్ప అడుగున తడిగ ఉన్నకాడ తవ్వితే దొరుకుతయి.

చేపలను పిలిచేందుకు చల్లే తవుడు తక్కువ వేయాలె. నిమ్మకాయంత ముద్దలు మూడు ముందు వేసి, తర్వాత అరగంటకొకటి. ఎక్కువ వేస్తే ఉన్న కొంచెం ఆకలి దానితోనే తీరిపోతది.

ఇగ ఈగల సంగతి. ట్రౌట్ చల్ల నీళ్ల చేప, మన రవ్వ ముడుచుకునే 15 డిగ్రీలల్ల అది హుషారుగ తింటది. ఇంకా చల్లబడే నదులల్ల చలికాలం పట్టేటోళ్లు 18 నుంచి 24 నంబర్ కొక్కేలకు దోమలాంటి పురుగుల పిల్లల లెక్క దారం చుట్టి, అడుగు వెంట నీళ్ల వేగానికే వదిలేస్తరు, వాళ్లు కూడ ఎక్కువగ మధ్యాహ్నమే. హిమాచల్‌ల మాత్రం నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాక ట్రౌట్ వేట బంద్, అది గుడ్లు పెట్టే కాలం. ఆ దోమలాంటి పురుగుల ఎర్రటి పిల్లలు మన చెరువు ఒండ్రుల కూడ ఉంటయి. 14 నంబర్ కొక్కేనికి ఎర్ర దారం చుట్టి బెండు కింద వేలాడదీస్తే తిలాపియా, చిన్న పరకలు ముడతయి. రవ్వ కోసం మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

కొర్రమీనుకు రబ్బరు కప్ప వాడండి. గాలి పీల్చుకోవడానికి అది ఎట్లయినా పైకి రావాల్సిందే, ఎండపూట గుర్రపు డెక్క అంచులల్ల చూడండి. కప్ప పడ్డంక అలలు ఆగేదాక కదపొద్దు, అటెనుక జానెడు జరిపి మళ్ల ఆపాలె.

ఎక్కడ కూసున్నా ముందు ఊరి మత్స్య సహకార సంఘాన్ని అడగండి, చెరువు చేపల హక్కు వాళ్లది. పాకాల చెరువు అభయారణ్యంల ఉంది, అక్కడ గాలం వేయొద్దు. తూము తెరిచి ఉన్నప్పుడు దాని ముందు నీళ్లల్లకు అస్సలు దిగకండి, పైకి నిమ్మళంగ కనబడ్డా లోపల గుంజుడు గట్టిగ ఉంటది.