కొడుకు లేత్ పని నేర్చుకుంటానంటే పరువు పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. సెలవుల్లో మా బావమరిది లేత్ షాపుకు (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్ ఉన్న షాపు) పోయొచ్చి, ఐటీఐలో ఆ పని నేర్పే టర్నర్ కోర్సు చేస్తానని పట్టుబట్టాడు. బీటెక్ కంప్యూటర్స్ చదివించాలని మా ఆశ. ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: అన్నా, పదో తరగతి రిజల్ట్స్ రాగానే నల్గొండ, పాలమూరు తల్లిదండ్రులు నన్ను ఏటా అడిగే ప్రశ్నే ఇది. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు. పెళ్లిలో ఎవరైనా "మీవాడేం చేస్తున్నాడు?" అంటే ఏం చెప్పుకోవాలన్నదే మీ దిగులు.

మిర్యాలగూడలో ఉన్నవారికి రైస్ మిల్లుల గురించి నేను చెప్పాలా? సీజన్‌లో బేరింగ్ కూర్చునే చోట షాఫ్ట్ (తిరిగే ఇరుసు) అరిగితే మిల్లు ఆగిపోతుంది, వడ్ల లారీలు బారులు తీరతాయి. ఓనర్ పరుగెత్తేది టర్నర్ దగ్గరికే. అతను అరిగినచోట వెల్డింగ్ నింపించి, లేత్‌లో ముక్కను పట్టుకుని తిప్పే చక్‌లో బిగించి, డయల్ గేజీ పెట్టి వంకర చూసుకుని, సన్నగా కట్ ఇస్తూ సరిగ్గా 40 మిల్లీమీటర్లకు తెస్తాడు. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తగ్గినా బేరింగ్ జారి వేడెక్కొచ్చు. ఎక్కువైతే సుత్తితో కొట్టి ఎక్కించాలి, కొత్త బేరింగే పాడవుతుంది. ఆ పనితనం రావడానికి ఏళ్లు పడుతుంది. వచ్చాక మాత్రం రేటు తనే చెప్తాడు, నచ్చని పని వద్దంటాడు. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడడు. మీ బావమరిది పని చెప్పుకోవడానికి మీరు నామోషీ పడితే అది పిల్లాడికి తెలియదనుకోకండి.

ఇక కంప్యూటర్ బీటెక్. పేరు చివర ఏఐ తగిలించిన సీట్లు పెరిగాయి, చెప్పే సార్లు, ల్యాబులు అంత వేగంగా పెరిగాయా అని నాకు గట్టి అనుమానం. కోడింగ్ ఇష్టమున్న పిల్లలకు అది మంచి దారే. ఇష్టం లేనివాడు బ్యాక్‌లాగులతో బయటపడి, అమీర్‌పేటలో మళ్లీ కోచింగ్‌కు డబ్బులు పంపమంటే? అప్పుడు అప్పు మీది, కుంగుబాటు వాడిది.

కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు వచ్చాక చేతిపని ఎవరికి కావాలంటారేమో. ఒకే రకం ముక్కలు వేలల్లో కావాలంటే సీఎన్‌సీయే. విరిగిన ఒక్క షాఫ్ట్‌కు లేత్ కావాలి. పైగా చేత్తో కట్ ఇచ్చినవాడికి సీఎన్‌సీ తొందరగా పట్టుబడుతుంది.

టర్నర్ రెండేళ్లు, తర్వాత అప్రెంటిస్‌షిప్. చదువు దారేమీ మూసుకుపోదు: ఐటీఐ వాళ్లకు పెట్టే ఎల్‌పీసెట్ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో, అక్కడి నుంచి డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్‌తో బీటెక్‌లో నేరుగా రెండో ఏడాదికి వెళ్లొచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో పదో తరగతి తర్వాత టూల్, డై (అచ్చు) తయారీలో నాలుగేళ్ల డిప్లొమా కూడా ఉంది.

కష్టమూ చెప్పాలి. మొదట్లో జీతం తక్కువ, రోజంతా నిలబడాలి. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా మిషన్ ముట్టుకోవద్దు. తిరిగే చక్ దగ్గర గ్లౌజులు, వదులు చేతుల చొక్కాలు అసలే వద్దు. బంధువుల మాట పక్కన పెట్టి, టర్నర్ సీటున్న ఐటీఐ ఏదో వాడితో కలిసి చూసి అప్లై చేయించండి. సెలవుల్లో వాణ్ని షాపుకు రానివ్వమని మీ బావమరిదికి మీరే ఫోన్ చేసి అడగండి.