ఆ జుట్టు మాత్రల సంగతి

చిట్టీ,

నీ థైరాయిడ్ రిపోర్టు ఫోటో మీ అమ్మ నిన్న రాత్రి పంపింది. దాంతోపాటు నీ మీద ఫిర్యాదు కూడా. అంకెలన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నావట, స్పెషలిస్టు దగ్గరికి ఒక్కదానివే వెళ్తానంటున్నావట, తోడు వస్తానంటే వద్దన్నావట. విని మురిసిపోయాను. మేం రిపోర్టు కవరు విప్పకుండానే డాక్టరు చేతిలో పెట్టేవాళ్ళం. కాసేపటికి ఫోటో పెద్దది చేసి చూస్తే మాత్రం గుండె గుభేలుమంది. యాంటీబాడీల అంకె చుట్టూ ఎర్ర సిరాతో మూడు సార్లు చుట్టావు. టీఎస్‌హెచ్ దగ్గర చిన్న గీత కూడా లేదు.

ఆ యాంటీబాడీల అంకె, అదే యాంటీ టీపీఓ, 600 దాటిందంటే నీ రోగనిరోధక శక్తి నీ థైరాయిడ్‌నే పరాయిదనుకుని మీద పడుతోందని అర్థం. అంతవరకే. 200 ఉన్నవాళ్ళకంటే నీకు జబ్బు మూడింతలని కాదు. కారణం తెలియడానికి ఆ పరీక్ష ఒకసారి చాలు. నెలనెలా చేయిస్తానన్నావట, డబ్బూ దండగ, నిద్రా దండగ. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు నలుగురు స్త్రీల గొంతు వాపుల్ని పరిశీలించి రాసిన జబ్బు ఇది. నీ ఒక్కదాని కోసం పుట్టుకొచ్చింది కాదు.

చూడాల్సింది టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పని చేయమని పురమాయించే హార్మోను. అది థైరాయిడ్‌లో పుట్టదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీలో పుడుతుంది. థైరాయిడ్ నెమ్మదిస్తే పిట్యూటరీ గొంతు పెంచి కేక వేస్తుంది. అందుకే ఇది తలకిందుల లెక్క, అంకె పెరిగితే గ్రంథి పని తగ్గినట్టు. నీది 7.8, చాలా ల్యాబుల్లో పై హద్దు 4 దగ్గర ఉంటుంది. ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోను, హద్దుల్లోనే ఉంది కాబట్టి కేకలు మొదలైనా పని ఇంకా నడుస్తోంది. డాక్టరు గారు రెండు మూడు నెలలాగి మళ్ళీ చూద్దామనవచ్చు, చిన్న మోతాదుతో మొదలుపెడదామనీ అనవచ్చు. టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మందు తప్పదు. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే మొదటి మాటగా అదే చెప్పు, అప్పుడు లెక్కలు మారిపోతాయి.

ఇక నా తెలివితక్కువతనం విను. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, నా పరువు కాపాడుతోంది.

నాకప్పటికి థైరాయిడ్ మందు మొదలై ఆరేళ్ళు. రోజుకు 100 మైక్రోగ్రాములు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. దువ్వెనకు జుట్టు చుట్టుకుని వస్తోందని ఎవరో చెబితే ఒక సీసా కొన్నాను. బయోటిన్, మాత్రకు 10 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములని తరవాత తెలిసింది. విటమినే కదా, మందు కాదుగా అనుకుని డాక్టరుకు చెప్పలేదు. తరవాతి పరీక్షలో టీఎస్‌హెచ్ 0.1 వచ్చింది. మోతాదు ఎక్కువైందని 75కు తగ్గించారు. రెండు నెలలకు మళ్ళీ అంతే, 50కి తగ్గించారు. ఆయన తప్పేమీ లేదు, ఆయన ముందున్న కాగితం అలా ఉంది. చాలా ల్యాబుల పరీక్షా పద్ధతిలో బయోటిన్‌నే వాడతారు. రక్తంలో అది అతిగా ఉంటే యంత్రం తికమకపడి టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది.

కాగితం మీద నా థైరాయిడ్ పరుగులు తీస్తోంది. ఇంట్లో నేను మాత్రం అందరూ ఫ్యాను వేసుకుంటే శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. పొద్దున అద్దంలో కళ్ళ కింద ఉబ్బు. జుట్టు మరీ రాలుతోందని రోజుకు రెండు మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టాను! అప్పుడైనా అనుమానం రావద్దూ? రాలేదు. ఈ జబ్బు అంత మెల్లగా కమ్ముతుంది, ఏ రోజుకా రోజు నిన్నటిలాగే ఉన్నట్టనిపిస్తుంది. మా అమ్మ గొంతు దగ్గర వాపుతో, పగలంతా జోగుతూ, బద్ధకస్తురాలనే పేరు మోస్తూ బతికింది. ఎవరూ పరీక్ష చేయించలేదు. నేనూ నన్ను అలాగే తిట్టుకున్నాను, వయసు మీద పడి ఒళ్ళు వంగడం లేదని.

పట్టుకుంది మీ అమ్మ. ఫోనులో రెండు మాటలు వినగానే, "అక్కా, ఆ గొంతు ఏమిటి, బావిలోంచి వస్తున్నట్టుంది" అంది. మర్నాటికల్లా దిగింది. నేను వద్దంటున్నా నా చేతిసంచీని డాక్టరు బల్ల మీద బోర్లించింది. మాత్రలు, చీటీలు, కళ్ళజోడు, అన్నింటి మధ్యనుంచి ఆ సీసా దొర్లుకుంటూ వెళ్ళి ఆయన పెన్నుకు తగిలి ఆగింది. ఆయన దాని మీద రాసింది చదివి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. వారం ఆపి మళ్ళీ పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 23.

కాబట్టి జుట్టుకనో, గోళ్ళకనో ఏదైనా మింగుతుంటే చెప్పు. పరీక్షకు ముందు కనీసం రెండు రోజులు ఆపాలి, పెద్ద మోతాదైతే ఎన్నాళ్ళో అడుగు.

మందు రాస్తే పరగడుపున నీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగు. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటల ఎడంగా వేసుకో. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ అంకె కుదురుకోదు, పదో రోజుకే ల్యాబుకు పరుగెత్తకు. అంకె బాగుపడిందని మాత్ర మానేయకు, అది బాగుపడింది మాత్ర వల్లే. గర్భం అని తెలిసిన రోజే డాక్టరుకు ఫోను చెయ్యి, మోతాదు పెంచాల్సి రావచ్చు.

ఎప్పటినుంచి అలసట, చలి ఎంత, నెలసరి ఎలా ఉంది, ఇవన్నీ ఆ పుస్తకంలో అంకెల పక్కనే రాసుకో. నీకు గుర్తు రానివి మీ అమ్మకు గుర్తుంటాయి. గదిలోకి ఒక్కదానివే వెళ్ళు, నాకేమీ అభ్యంతరం లేదు. వెళ్ళేముందు మాత్రం నీ సంచీ ఒకసారి మీ అమ్మ చేతికివ్వు.

నీ పెద్దమ్మ