దీవి పక్కన లంగరు వేస్తే రాత్రి పడవ కొట్టుకుపోదా?

తిరుపతి నుంచి అడిగిన ప్రశ్న ఇది: యాట్‌లో (విహార పడవలో) అండమాన్ వెళ్లి, మనుషులు లేని దీవి దగ్గర రాత్రి ఆగితే పడవ నిలుస్తుందా?

నిలుస్తుంది, లంగరు గొలుసు సరిపడా వదిలితే. పడవను పట్టి ఉంచేది లంగరు బరువొక్కటే అనుకుంటారు గానీ, అసలు పని గొలుసు లాగే కోణానిది. గొలుసు నేల మీద పడుకుని అడ్డంగా లాగితేనే లంగరు ఇసుకలోకి దిగబడుతుంది. నిటారుగా లాగితే ఊడి వచ్చేస్తుంది. అందుకే లోతుకు కనీసం అయిదు రెట్లు గొలుసు వదులుతారు. 8 మీటర్ల లోతు, పోటుకు 2, పడవ ముక్కు ఎత్తు 1 కలిపితే 11. అంటే 55 మీటర్లు. గాలి ముదిరితే ఇంకా ఎక్కువ.

పులికాట్ సరస్సులో భీములవారిపాళెం దగ్గర పడవ ఎక్కిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు, అక్కడ నీళ్లే లోతు తక్కువ. పగడపు దిబ్బలు కనబడాలంటే ఎండ నడినెత్తిన ఉండగానే చేరుకోవాలి. లంగరు ఇసుక మీదే వేయాలి, పగడాల మీద కాదు.

మడ అడవుల మధ్య నీటి పాయల్లో ఈత మాత్రం వద్దు, ఉప్పునీటి మొసళ్లుంటాయి. చాలా దీవులకు ముందస్తు అనుమతి కావాలి. సెంటినలీస్ ఆదిమ తెగ ఉండే నార్త్ సెంటినల్ దీవి వైపు అసలు వెళ్లొద్దు, చట్టరీత్యా నిషేధం.