డ్రమ్ కోర్ టూర్ కథల్లో నిజమెంత? వంట ట్రక్కులో పనిచేసిన ఒక తండ్రి జవాబు

"మా అమ్మాయి వచ్చే వేసవిలో డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్‌లో చేరతానంటోంది. జిమ్ నేల మీద నిద్ర, రాత్రంతా బస్సు ప్రయాణం, దారిలో ఎవరినో మరిచిపోయి బస్సు వెళ్ళిపోవడం వంటి కథలు అక్కడి సీనియర్లు చెబుతుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఇవి నిజంగా జరిగినవా, కొత్తవాళ్ళను బెదిరించడానికి కల్పించినవా?" అని అడిగారు మీరు. తెలియనివారి కోసం: డ్రమ్ కోర్ అంటే ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలతో మైదానంలో కవాతు చేస్తూ వాయించి, వేసవంతా అమెరికాలో ఊరూరా తిరుగుతూ పోటీపడే యువ బృందం. నేల మీద నిద్రా, రాత్రి ప్రయాణాలూ అక్షరాలా నిజం. మిగిలిన కథల్లో ఎంత పాలు నిజమో, ఎంత పాలు కల్పనో విడదీయడానికి నాకంటే తగినవాడు మీకు దొరకడు. ఎందుకంటే అలాంటి కథ ఒకటి నా మీదే పుట్టింది.

మా అమ్మాయి మెల్లోఫోన్ అనే ఇత్తడి వాద్యం వాయించిన కోర్‌తో పాటు నేను కూడా వంట ట్రక్కులో వాలంటీరుగా తిరిగాను. ఇండియా వెళ్ళడానికి దాచుకున్న సెలవులన్నీ ఓక్లహోమా, కాన్సాస్ ఎండల్లో ఉల్లిపాయలు తరగడానికి ఖర్చయ్యాయని మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూ ఉంటుంది. వాయించే పిల్లలు, జెండాలు తిప్పే కలర్ గార్డ్, నేర్పేవాళ్ళు, డ్రైవర్లు అందరూ కలిసి సుమారు 200 మందికి రోజుకు నాలుగు పూటలు వండి పెట్టాలి. ఆ నాలుగో పూట ప్రదర్శన ముగిశాక, అర్ధరాత్రి ఏదో ఒక స్టేడియం పార్కింగ్ స్థలంలో పెట్టేది. బయటికి రాని మాట ఏదైనా ఆ వరుసలోనే బయటికి వస్తుంది. ఆకలితో పళ్ళెం పట్టుకొని నిలబడిన పిల్లలు పెద్దవాళ్ళు వింటున్నారన్న సంగతి మరిచిపోతారు.

ముందుగా మార్కుల కథల గురించి చెబుతాను, ఎందుకంటే వాటిలో ఒక్క అంకె కూడా ఎవరూ మార్చరు. 1993లో, డ్రమ్ కోర్ పోటీలు నడిపే డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్) సంస్థ ఫైనల్స్‌లో కెడెట్స్‌కు 97.4, స్టార్ ఆఫ్ ఇండియానా అనే మరో కోర్‌కు 97.3 మార్కులు వచ్చాయనీ, ఆ పదో వంతు మార్కు తేడాతో ఓడిన స్టార్ మళ్ళీ పోటీకి దిగలేదనీ అప్పటికి పుట్టని పిల్లలు కూడా నిన్న చూసి వచ్చినట్లు చెబుతారు. ఆ బృందం తరువాత రంగస్థల ప్రదర్శనగా మారి బ్రాడ్‌వే దాకా వెళ్ళి, 2001లో టోనీ పురస్కారం అందుకున్న సంగతి కూడా నిజమే. ఓడిపోయిన అలకతోనే వెళ్ళిపోయారనేది మాత్రం బస్సులో చేరిన మసాలా. అలాగే 2008లో ఫాంటమ్ రెజిమెంట్ బ్లూ డెవిల్స్‌ను 0.025 తేడాతో, అంటే 98.125కు 98.1 మార్కులతో ఓడించింది. రోమన్ బానిస స్పార్టకస్ తిరుగుబాటును మైదానంలో ఆడి చూపించిన ప్రదర్శన అది. ఆ రాత్రి బ్లూమింగ్టన్ స్టేడియంలో ఉన్నామని చెప్పుకునేవాళ్ళను నేను కలిసినంతమందిని లెక్కవేస్తే ఆ స్టేడియం రెండుసార్లు నిండుతుందనుకుంటాను.

ఈ కథల్లో సగం నాకు చెప్పింది మా ట్రక్కు డ్రైవరుగా వచ్చిన ఒక పాత సభ్యుడు. ఆయన దృష్టిలో డ్రమ్ కోర్ మూడుసార్లు చనిపోయింది. 2000లో జి శ్రుతి బ్యూగుళ్ళే వాడాలన్న నియమం సడలించి ఏ శ్రుతి ఇత్తడి వాద్యానికైనా అనుమతి ఇచ్చినప్పుడు మొదటిసారి, 2004లో మైకులకు ఒప్పుకున్నప్పుడు రెండోసారి, 2009లో సింథసైజర్లు వచ్చినప్పుడు మూడోసారి. ముసలివాళ్ళ గొణుగుడు అనుకొని మొదట్లో నవ్వుకున్నాను గానీ, ఇప్పుడు నాదీ అదే మాట. ఊపిరి బలంతో మైదానం అవతలి అంచుదాకా వినిపించడానికి నానా కష్టాలు పడి సాధన చేసిన 80 మంది పిల్లల మీద స్పీకరులో నుంచి ఒక యంత్రపు మంద్ర ధ్వని వచ్చి పడితే, ఆ సాధన దేనికని అడగాలనిపిస్తుంది. దానికి తోడు 2009 నుంచి ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి. అక్కడ కప్పు మూసి ఉంటే శబ్దం గోడలకు కొట్టుకొని కలగాపులగంగా చెవిన పడుతుంది. వాన లేదు, గాలి లేదు, బురద లేదు. కథలు పుట్టడానికి కావలసిన ముడిసరుకంతా తీసుకుపోయి బయట పెట్టారు.

ఇక నా కథ. కొలరాడో వైపు నుంచి టెక్సాస్‌కు దిగే దారిలో, కాన్సాస్‌లోని ఒక చిన్న ఊరి హైస్కూలులో మాకు బస ఏర్పాటు చేశారు. బస్సులు చేరేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. జిమ్ తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఫోను ఎత్తడం లేదు. ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు ఫోన్లు పట్టుకొని అటూ ఇటూ పచార్లు చేస్తారు గానీ, టూరులో నెల గడిపిన పిల్లలకు నిద్ర తప్ప వేరే ధ్యాస ఉండదు. బస్సు సామానులో నుంచి పరుపులూ స్లీపింగ్ బ్యాగులూ లాగి, జిమ్ పక్కనున్న సాధన మైదానంలో పచ్చగడ్డి మీద వరుసగా పడుకున్నారు. డ్రమ్ముల వాళ్ళు మరుసటి ఉదయపు సాధనకు పనికొస్తాయని తమ డ్రమ్ములను ముందే దించి, మైదానం అంచున పేర్చి మరీ పడుకున్నారు. నేనూ ఇంకో ఇద్దరు వాలంటీర్లూ ఉదయపు ఫలహారం కోసం ట్రక్కు తలుపులు తెరిచి, రొట్టెల పెట్టెలూ పిండి సంచులూ గడ్డి మీద దించుకున్నాము.

నాలుగున్నరకు స్ప్రింక్లర్లు వచ్చాయి. మైదానం మొత్తానికి ఒకేసారి రాలేదు. ఆ యంత్రం మైదానాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక భాగం తడిపాక ఇంకో భాగానికి వెళ్ళేలా అమర్చారు. మొదటి భాగంలో పడుకున్న ట్రంపెట్ వాళ్ళు కేకలు పెడుతూ లేచి పరుగెత్తారు. కొద్ది నిమిషాలకు నీళ్ళు ఆగాయి. అందరూ ఊపిరి పీల్చుకున్న ఆ క్షణంలో చీకట్లో నుంచి ఎవరో "వన్ మోర్ టైమ్!" అని గట్టిగా అరిచారు. సాధనలో నేర్పేవాళ్ళు రోజుకు వందసార్లు అనే మాట అది. అది ఎప్పుడూ ఆఖరిసారి కాదని ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ అరుపు ముగిసిందో లేదో, పక్క భాగంలో స్ప్రింక్లర్లు మొదలయ్యాయి. 150 మంది తడిసిన పిల్లలు ఒక్కసారిగా నవ్విన నవ్వుకు ఎదురింటి వరండాలో దీపం వెలిగింది.

నేను అక్కడ చూసి ఆశ్చర్యపోయినది వేరే ఉంది. ఫోన్లూ, బూట్లూ, దిండ్లూ నీళ్ళలో తడుస్తున్నా ఒక్కరూ వాటి వైపు చూడలేదు. గార్డ్ అమ్మాయిలతో సహా అందరూ డ్రమ్ముల దగ్గరికి పరుగెత్తి, తలా ఒకటి చంకన పెట్టుకొని బస్సు కిందికి చేర్చారు. కాంట్రా అనే భారీ ఇత్తడి బాకా వాయించే ఒక పెద్ద కుర్రవాడు ఇంత గోలలోనూ నిద్ర లేవకపోతే, నలుగురు కలిసి వాణ్ణి స్లీపింగ్ బ్యాగుతో సహా సిమెంటు బాట మీదికి ఈడ్చుకుపోయారు. నా పిండి సంచుల పక్కనే ఒక స్ప్రింక్లరు తల నేలలో నుంచి పైకి లేస్తుంటే నాకు కనిపించింది. చేతికందిన సూపు గుండిగను దాని మీద బోర్లించాను. లోపలి నుంచి నీటి ధార కొట్టిన దెబ్బకు గుండిగ గణగణ మోగుతూ పక్కకు జరిగిపోసాగింది. ఇక చేసేదేమీ లేక దాని మీద ఎక్కి కూర్చున్నాను. ఆ కూర్చోవడం మహా అయితే పది నిమిషాలు. అప్పుడు నా నోటి వెంట వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

మరుసటి ఏడాది మళ్ళీ ట్రక్కులో వడ్డిస్తుంటే, కొత్తగా చేరిన ఒక కుర్రవాడు నాకే ఆ కథ చెప్పాడు. అతని కథలో ఆ ఊరు నెబ్రాస్కాలో ఉంది. వంటాయన సూర్యోదయం దాకా గుండిగ మీద పద్మాసనం వేసుకొని కూర్చున్నాడు. తన భాషలో ఏదో ప్రార్థన చదువుతుంటే నీళ్ళు తమంతట తామే ఆగిపోయాయి. అది నేనేనని చెబితే అతడు నమ్మలేదు. కథలోని మనిషికి గడ్డం ఉందట. కాంట్రా కుర్రవాడు ఈసారి ఇద్దరయ్యారు. తాళంచెవి మనిషి అసలు ఉద్దేశపూర్వకంగానే రాలేదన్నాడు, దానికి పాత పగ కారణమట. అయితే ఇన్ని మారినా, అందరూ తమ సామాను వదిలేసి ముందుగా డ్రమ్ములు మోశారన్న ముక్క మాత్రం ఉన్నది ఉన్నట్లుగా మిగిలింది. అదే ఏడాది ఇంకో ఇద్దరి నోట విన్నాను. వాళ్ళూ ఆ ముక్కను ముట్టుకోలేదు.

అందుకని నా అభిప్రాయం ఇది, ఎవరు కాదన్నా మార్చుకోను: డ్రమ్ కోర్‌ను నడిపేది డైరెక్టర్లు కాదు, ఈ కథలే. ఆలోచించి చూడండి, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళు దాటాక అక్కడ వాయించడానికి ఎవరికీ చోటు లేదు. కొందరు ఒక్క వేసవితోనే వెళ్ళిపోతారు, ఎక్కువ కాలం ఉన్నవాళ్ళు కూడా నాలుగైదేళ్ళకు మించి ఉండరు. మనుషులు ఇంత త్వరగా మారిపోయే చోట, వాన పడితే ముందు ఏమి మోయాలో కొత్తవాళ్ళకు చెప్పేది నియమావళి పుస్తకం కాదు. రాత్రి రెండింటికి బస్సులో పక్క సీటులో కూర్చున్నవాడు చెబుతాడు. 2020లో కోవిడ్ వల్ల సీజన్ మొత్తం రద్దయింది, 2021లో పోటీ మార్కులు లేకుండా చిన్న పర్యటన మాత్రమే జరిగింది. ఆ తరువాతి వేసవిలో వచ్చిన పిల్లల్లో టూరు రుచి తెలిసినవాళ్ళు బాగా తగ్గిపోయి, గిన్నెలు కడిగే వంతుల దగ్గర నుంచి ప్రతిదీ మళ్ళీ చెప్పవలసి వచ్చిందని మా డ్రైవరు వాపోయేవాడు. మరోవైపు, 1934లో న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లో ఒక చర్చి నీడన పుట్టి, డీసీఐ టైటిల్ 10 సార్లు గెలిచిన కెడెట్స్ 2024లో మూతపడింది. అయినా వాళ్ళ 1993 కథ పోటీ బృందాల బస్సుల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

కానీ తల్లిగా మీరు గమనించవలసింది ఆ బస్సుల్లో చెప్పని కథలను. 2018లో ఒక ప్రముఖ కోర్ అధిపతి మీద పలువురు మహిళలు చేసిన లైంగిక వేధింపుల ఆరోపణలు పత్రికలకెక్కాయి, ఆయన పదవి వదులుకోవలసి వచ్చింది. ఆ ఆరోపణల్లో కొన్ని దశాబ్దాల నాటివి. పదో వంతు మార్కును 30 ఏళ్ళు మోసిన నోళ్ళు దీన్ని మోయలేదు. కనుక నేల మీద నిద్ర గురించి కాదు మీరు అడగవలసింది. పెద్దవాళ్ళు, మైనర్లు ఒంటరిగా ఉండే సందర్భాలకు కోర్‌లో ఏ నియమాలున్నాయి, వాలంటీర్ల పూర్వాపరాలు తనిఖీ చేస్తారా, ఫిర్యాదు వస్తే కోర్ ఉద్యోగి కాని మనిషి ఎవరు వింటారు అని రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబు చెప్పని చోటికి, ఎన్ని పతకాలున్నా, పంపకండి.

మన బంధువుల నుంచి మీకు ఎదురయ్యే ప్రశ్న కూడా ముందే చెబుతున్నాను: "ఇన్ని వేల డాలర్లు కట్టి, ఎండలో నల్లబడి, ఇది కాలేజీ దరఖాస్తుకు ఏమైనా పనికొస్తుందా?" ఈ ప్రశ్న అడిగినవారే తమ పిల్లలను వేసవి అంతా కోడింగ్ క్యాంపులో, ఏసీ గదిలో, ఒక్క స్నేహితుడైనా లేకుండా కూర్చోబెట్టి దానికీ అంతే కడతారు. నేను వారికి జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

ఇక బస్సు ఎవరినో వదిలి వెళ్ళిపోయిన కథ. అది ప్రతి కోర్‌లోనూ ఉంది. ప్రతిచోటా అది హైవే పక్క ట్రక్ స్టాప్‌లోనే జరుగుతుంది, ప్రతిచోటా ఆ పిల్లవాడు బాత్రూములోనే ఉంటాడు, ప్రతిచోటా కథ చెప్పేవాడు దాన్ని స్వయంగా చూడలేదు. నేను తిరిగిన వేసవుల్లో మాత్రం ఎవరూ తప్పిపోలేదు. ఎందుకంటే బస్సు కదిలే ముందు ఎవరి సీట్ పార్ట్‌నర్ ఉన్నాడో లేడో వాళ్ళే చెప్పాలి. పక్కవాడు లేకుండానే "ఉన్నాడు" అన్నవాడికి ఆ రాత్రి ట్రక్కులో గుండిగలన్నీ తోమే శిక్ష పడేది. మీ అమ్మాయి చేరితే మొదటి వారంలోనే తన సీట్ పార్ట్‌నర్ ఎవరో కనుక్కొని, ఆ పిల్ల ఫోను నంబరూ, వాళ్ళమ్మ నంబరూ రాసిపెట్టుకోండి. మా అమ్మాయి ఫోను ఎత్తని రాత్రులన్నీ నేను అలాగే గడిపాను.