ఇనుప పట్టీకి కుంచె నడక ఎట్లా వస్తుంది?

ప్రశ్న: సార్, కాజీపేటలో నాకు చిన్న వెల్డింగ్ షాపు ఉంది, గేట్లు, గ్రిల్స్ చేస్తాను. చైనా చేతిరాతను చూసి చేసిన స్టీలు శిల్పాల ఫొటోలు ఫోన్‌లో చూశాను. నేనూ 50 ఎంఎం ఫ్లాట్ (ఇనుప పట్టీ) వంచి ఒక అక్షరం చేస్తే, చూసినవాళ్లంతా గేటు ముక్కలా ఉందంటున్నారు. తేడా ఎక్కడ కొట్టింది? బయట పెడితే తుప్పు పట్టదా?

జవాబు: తేడా వెడల్పు దగ్గర కొట్టింది. మీ ఫ్లాట్ మొదటి నుంచి చివరి దాకా ఒకటే 50 ఎంఎం. మేక వెంట్రుకలతో కట్టిన మెత్తటి కుంచె అట్లా కాదు, నొక్కితే గీత లావవుతుంది, లేపితే సన్నబడుతుంది, మలుపులో కాసేపు ఆగితే సిరా గుమిగూడి ఉబ్బుతుంది. 8వ శతాబ్దంలో తాంగ్ రాజుల కాలం నాటి జాంగ్ షు, హ్వాయ్‌సుల గొలుసుకట్టు రాత నెట్‌లో చూడండి, ఒక్క అక్షరం చదవడం రాని మనకు కూడా చెయ్యి ఎక్కడ పరిగెత్తిందో, ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. మీరు పట్టుకోవాల్సింది అది.

6 ఎంఎం ప్లేటు మీద సుద్దతో లావుసన్నాలతో సహా గీసి, ప్లాస్మా కటింగ్ మిషన్‌తో కోయించి వంచుకోవచ్చు. నాకైతే మీ దగ్గరున్న ఫ్లాట్‌నే ఎర్రగా కాల్చి మెలితిప్పడం ఇష్టం. దాని ముఖం మనవైపు ఉన్నచోట 50 ఎంఎం కనిపిస్తుంది, అంచు తిరిగిన చోట 6 ఎంఎమ్మే. చూసేవాడు రెండడుగులు పక్కకు జరిగితే లావున్నది సన్నమవుతుంది, ఈ సుఖం కాగితం మీద లేదు. కాల్చినంత మేరే తిరుగుతుంది కాబట్టి మెలిక కావాల్సిన చోటే వేడి పెట్టండి. షాపులో కొలిమి లేకపోతే ఊళ్లో కమ్మరిని పట్టుకోండి. కత్తుల ఉక్కు కోసం పర్షియా వర్తకులు నిజామాబాద్ వైపు కోనసముద్రం దాకా వచ్చిపోయిన నేల మనది, ఇనుము కాల్చడం తెలిసిన చేతులకు కొదవా?

కుంచెలో సిరా అయిపోతుంటే గీతలో తెల్ల చారలు తేలతాయి. చైనావాళ్లకు అది లోపం కాదు, సొగసు. దానికి మీ గ్రైండర్ చాలు, 40 నంబరు ఫ్లాప్ డిస్క్‌ను (గరుకు రెక్కల చక్రాన్ని) గీత పోయిన దిక్కుకే లాగి వదిలేయండి. అద్దంలా బఫింగ్ మాత్రం కొట్టించొద్దు, మెట్ల రెయిలింగ్ అయి కూర్చుంటుంది.

అక్షరం చదవడానికి రావాలన్న టెన్షన్ వద్దు, వెనక నుంచి ఎట్లాగూ తిరగబడే కనిపిస్తుంది. నిజమైన అక్షరమే చేస్తానంటే ‘యోంగ్’తో మొదలుపెట్టండి, నేర్చుకునేవాళ్లు అందులోని 8 రకాల గీతల మీదే చెయ్యి తిప్పుతారు. ‘జెంగ్ లు’ అనే చైనా శిల్పి దారి వేరు. స్టీల్లో కోసిన అక్షరాలను అతికి, ఎగిరిపడే నీళ్ల ఆకారం చేస్తాడు. దూరానికి నీళ్లు, దగ్గరికెళ్తే అక్షరాలు.

ఇక తుప్పు. ఎంఎస్ (మామూలు ఇనుము) అయితే పడుతుంది, రెడ్ ఆక్సైడ్ మీద మెరుపు లేని నల్ల పెయింట్ వేయండి, సిరా రంగూ అదేగా. చారలు కనిపించాలంటే 304 గ్రేడు ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) తీసుకుని ఆర్గాన్ వెల్డింగ్ చేయాలి. ఎంఎస్ మీద వాడిన డిస్క్‌ను దానికి అసలు తగలనివ్వకండి, ఆ ఇనుప రజను అంటుకుందంటే నాలుగు వానలకే ఎర్ర చుక్కలు లేస్తాయి, కొన్నవాడు వచ్చి డూప్లికేట్ స్టీలు అంటగట్టారని మీతో గొడవ పెట్టుకుంటాడు.