బ్రేకులు మార్చబోయే అబ్బయ్యకు

చిరంజీవి అబ్బయ్యకు చిన్నాయన దీవెనలు.

నీ పికప్పుకు స్పోర్ట్స్ కారు బ్రేకులు ఎక్కిస్తుండావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పానా పట్టడం రాకముందే గ్రీజు డబ్బాలో మోచేతి దాకా ముంచినోడివి, నీకు తగ్గ పనే. సంతోషం. కానీ ఆ బండి పొదలకూరు నిమ్మకాయల లోడుతో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ దిగుతుండాదని కూడా చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒకటి తెలుసుకో. బండిని ఆపేది టైరు. పాత బ్రేకే చక్రాన్ని పట్టేయగలిగితే, కొత్తది మొదటిసారి తొక్కినప్పుడు అంతకన్నా దగ్గర్లో ఆపదు. లాభమంతా ఘాట్‌లో ఆరోసారి, పదోసారి తొక్కినప్పుడే. లోడుతో 3 టన్నుల బండి 80 స్పీడులో ఉంటే, 1.5 టన్నుల కారుకు రెండింతల వేడిని డిస్కులు మింగాలి. నీకు కావలసింది డిస్కులో బరువు, మధ్యలో గాలి ఆడే సందు. డిస్కును రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కి పట్టే ఆ ఎర్ర రంగు కాలిపర్ కాదురా.

ఇంగ పాత తప్పు. మన లైన్లో చదువుకున్నోళ్లు కూడా చేసేది, కాబట్టి నిదానంగా చదువు. నాలుగు పిస్టన్ల కాలిపర్ చేతికి రాగానే నాలుగింటి వైశాల్యాన్నీ కలిపి లెక్క వేస్తారు. తప్పు. రెండు పక్కలా పిస్టన్లున్న కాలిపర్‌లో ఒక పక్క వాటినే లెక్కించాలి. ఒక పక్కే పిస్టన్ ఉండి, నొక్కినప్పుడు పక్కకు జరిగే పాత జారుడు కాలిపర్‌తో పోల్చాల్సింది ఆ అంకెనే. లెక్క కోసం పాతదాంట్లో 60 మిల్లీమీటర్ల పిస్టన్ ఒకటే ఉందనుకో. వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే హెచ్చించి, మళ్లీ 0.785తో హెచ్చించు: 28.3 చదరపు సెంటీమీటర్లు. కొత్తదాంట్లో పక్కకు 40, 36 పిస్టన్లుంటే 12.6, 10.2 కలిపి 22.8. పిస్టన్లు నాలుగైనా నొక్కుడు ఐదో వంతు తగ్గింది!

నాలుగూ కలిపినోడికి 45 చిల్లర వస్తుంది. 'ఇంత ఆయిలు తోయాలంటే పెడల్ కింద ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండర్ పెద్దది కావాల'ని 7/8 అంగుళాలది పీకి 1 అంగుళంది బిగిస్తాడు. దాంతో అదే కాలి బలానికి లైన్లో ప్రెషర్ 23 శాతం పడిపోతుంది. డిస్కు వ్యాసం 280 మిల్లీమీటర్ల నుంచి 325కి పెరిగినందుకు 16 శాతం దాకా తిరిగి వస్తుంది. అన్నీ హెచ్చించి చూడు, కంపెనీ బ్రేకులో 72 శాతమే మిగిలింది. పెడల్ మాత్రం రాయిలా గట్టిగా ఉంటుంది. తొక్కినోడు అది బలమనుకుని మురుస్తాడు. మాస్టర్ సిలిండర్ ముట్టకుంటే పాత బ్రేకుకు దాదాపు సమానంగా ఉండి, వేడికి మాత్రం తట్టుకునేది.

డిస్కు సంగతి. జపాన్ స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా 5 బోల్టులు, పీసీడీ (బోల్టులుండే వలయం వ్యాసం) 114.3 మిల్లీమీటర్లు. నీ బండి చక్రం బిగించే హబ్బు 6 బోల్టులు, 139.7. పాత రంధ్రాలు వెల్డింగుతో పూడ్చి కొత్తవి వేస్తామని ఎవడన్నా అంటే షెడ్డులోంచి బయటికి నడువు. పోత ఇనుము వెల్డింగుకు పగుళ్లు పడుతుంది. 6 బోల్టుల డిస్కే వెతుకు. 325 డిస్కుకు 16 అంగుళాల చక్రం చాలదు. కాలిపర్ ఆకారాన్ని అట్టతో కోసి 17 అంగుళాల రిమ్ములో పెట్టి చూడు. చువ్వకీ దానికీ 3 మిల్లీమీటర్లన్నా ఉండాల.

కొనేముందు ఆ కారులో కాలిపర్ ఇరుసుకు ముందుండేదా వెనకా అని అడుగు. వెనకదాన్ని తెచ్చి ముందు బిగిస్తే గాలి తీసే నిపుల్ కిందికి పోతుంది, గాలి పైనే నిలిచిపోతుంది. కుడి ఎడమలు మారిస్తే నిపుల్ పైకొస్తుంది గానీ చిన్న పిస్టన్ తప్పు కొనకు పోయి ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది. చిన్నది, డిస్కు తిరుగుతూ కాలిపర్ లోపలికొచ్చే వైపే ఉండాల.

బ్రేకు గొట్టం 10 మిల్లీమీటర్ల మరకు చుట్టుకీ చుట్టుకీ ఎడం 1.0నా, 1.25నా చూసుకో, తప్పుది రెండు చుట్లు తిరిగి బిగిసినట్టే నటిస్తుంది. రాగి వాషర్లు కొత్తవి. స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి, చక్రం వేలాడదీసి గొట్టం లాగుతుందేమో చూడు. బ్రేకు ఆయిలు డాట్ 4 రకం. కొత్తలో 230 డిగ్రీల దాకా మరగదు. తేమ తాగాక 155కే మరగొచ్చు. మన సముద్రపు గాలికి ఏడాదికోసారి మార్చు.

వెనక ఇరుసు మీద, లోడును బట్టి వెనక బ్రేకు ప్రెషర్ మార్చే వాల్వు కడ్డీని మాత్రం కదిలించబాక. వెనక బ్రేకు పెంచాలని దాన్ని వంచితే, సరుకు దించి ఖాళీగా వచ్చేటప్పుడు తుంపర పడిందంటే వెనక చక్రాలే ముందు పట్టేసి బండి బొంగరం తిరుగుతుంది. నాకు భయమల్లా అదే, అబ్బయ్యా.

ఇన్సూరెన్సు వాళ్లకూ ఆర్టీఓ ఆఫీసుకూ ముందే రాతపూర్వకంగా తెలియజెయ్యి. బిగించాక కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద స్పీడు 60 నుంచి 10కి పదిసార్లు తగ్గించు, పూర్తిగా ఆపబాక. తర్వాత హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా చల్లారనియ్యి.

కాలిపర్‌ను బండికి నిలిపే బ్రాకెట్టు కోయించే ముందు ఆ కాలిపర్లు రెండూ, నీ పాతదొకటీ సంచిలో వేసుకుని ఒక పూట నెల్లూరు రా. వెర్నియర్ తుడిచి పెడతా. పిస్టన్లు ఇద్దరం కలిసి కొలుద్దాం.

మీ చిన్నాయన